కొట్టేసిన గీత, కనిపించని ఐదు చుక్కలు

ప్రశ్న:

అక్కా, మాది మర్రిగూడ దిక్కు. నల్గొండల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సెకండియర్ చదువుతున్న. ప్రాజెక్టు కోసం మా చుట్టుపక్క ఊర్ల 24 బోర్ల నీళ్ళు వానలకు ముందోసారి, వానలైనంక ఇంకోసారి తెచ్చి ఎలక్ట్రోడుతో ఫ్లోరైడ్ చూసిన. ఒక్కో సీసాను మూడుసార్లు చూసిన. లెక్కలన్నీ ఎక్సెల్‌ల ఉన్నయి. సైడావిస్ అనే గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌ల పేస్టు చేసి గ్రాఫు గీస్తే 24 చుక్కలు రావాల్సిన కాడ 19 వస్తున్నయి. చుక్కలు కలుపుకుంట లైన్ గ్రాఫు గీసిన. గైడు సారు “ఈ గీత ఏంది?” అని ఎర్ర పెన్నుతో కొట్టేసిండు. కాలిబ్రేషన్ గ్రాఫేమో (ఎంత ఫ్లోరైడుందో తెలిసిన ద్రావణాలతో మీటరును సరిచూసేది) వంకరొచ్చింది. ఎర్రర్ బార్లు (కొలతల తేడా చూపే చిన్న గీతలు) పెట్టమన్నడు, ఎట్ల పెట్టాల్నో చెప్పలే. మల్ల అడిగితే ఏమంటడో అని అడగలే. సీనియర్ ఒకాయన పెన్‌డ్రైవ్‌ల ఆరిజిన్ ఇస్తనంటుండు. దాంట్లయితే మంచిగొస్తయా? వారం రోజులల్ల ఇయ్యాలె.

– ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

సమాధానం:

చెల్లె, ముందు ఆరిజిన్ సంగతి తేల్చేద్దాం. నీ ఆశంతా దానిమీదే పెట్టుకున్నట్టు ఉన్నావు. ఆరిజిన్ మంచి సాఫ్ట్‌వేరే, సైన్సు పత్రికల్లో వచ్చే గ్రాఫులు చాలామంది దాంట్లోనే గీస్తారు. అయితే అది కొనుక్కోవాల్సింది, పైగా విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే కాపీతోపాటు నీ ల్యాప్‌టాప్‌లోకి ఇంకేం దూరుతుందో ఇచ్చినాయనకు కూడా తెలియదు. నీ రెండు సీజన్ల లెక్కలూ ఉన్నది ఆ ల్యాప్‌టాప్‌లోనే కదా. డిపార్టుమెంటులో లైసెన్సు ఉందేమో ల్యాబులో అడుగు. లేదంటే నీ సైడావిస్ చాలు, ఉచితంగా దొరుకుతుంది. కేడీఈ వాళ్ళ లాబ్‌ప్లాట్ కూడా ఉచితమే. దాంట్లో అంకెలు వేసుకునే పట్టికను స్ప్రెడ్‌షీట్ అంటారు, వర్క్‌షీట్ అంటే గ్రాఫులు పెట్టుకునే పేజీ. ఆరిజిన్‌లో వర్క్‌షీట్ అంటే అంకెల పట్టికే. ఒకదాని మీద ఉన్న వీడియో చూసి ఇంకోదాంట్లో చేయబోతే అక్కడే ఆగమవుతావు.

అసలు సంగతి ఏమిటంటే, నువ్వు రాసిన తిప్పలన్నీ ఆరిజిన్‌లో వేసినా ఇట్లనే ఉంటాయి. అవి గ్రాఫులో పుట్టినవి కావు, అంకెల పట్టికలో పుట్టినవి. ప్లాట్ బటన్ నొక్కేసరికే గ్రాఫు మంచిచెడ్డలు చాలామటుకు ఖాయమైపోయి ఉంటాయి.

పోయిన ఐదు చుక్కలనే తీసుకో. అవి ఎక్కడికీ పోలేదు. ఆ ఐదు గదుల్లో నీ కంటికి అంకెలు కనిపిస్తున్నాయి, సాఫ్ట్‌వేరుకు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఎక్సెల్‌కు వెనక్కి పోయి ఆ కాలమ్ కింద కౌంట్ ఫంక్షన్ పెట్టు, పక్కనే కౌంట్‌ఏ పెట్టు. మొదటిది అంకెలున్న గదులనే లెక్కపెడుతుంది, రెండోది ఖాళీ కాని ప్రతి గదినీ లెక్కపెడుతుంది. ఒకటి 19, ఇంకోటి 24 చూపిస్తే దొంగ దొరికినట్టే. నువ్వు ప్రత్యేకంగా ఎడమకో మధ్యకో జరిపి ఉండకపోతే, అంకెలు గదిలో కుడివైపుకు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమవైపుకు. కాలమ్‌ను పైనుంచి కిందికి చూస్తూ పో, ఎడమకు జరిగినవి ఐదు తేలుతాయి.

సాధారణంగా దొరికేవి ఇవే: “1.8 పీపీఎం” అని అంకె పక్కనే యూనిట్ రాయడం, అంకెలో దశాంశ చుక్క రెండుసార్లు పడడం, సున్నా బదులు ఇంగ్లిషు ఓ అక్షరం కొట్టడం, అంకె వెనక కనపడని ఖాళీ ఉండడం. ఇవన్నీ చిటికెలో సర్దుకునేవి. యూనిట్ కాలమ్ తలమీద ఒక్కసారి రాస్తే చాలు, గదిలో అంకె ఒక్కటే ఉండాలి. కండక్టివిటీ కూడా చూసి ఉంటే వెయ్యి దాటిన విలువల్లో కామా ఉందేమో చూడు. 1,240 అని రాస్తే సి.ఎస్.వి. ఫైలు (విలువలను కామాలతో విడదీసేది) తెరిచేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ కామా దగ్గర విరగ్గొట్టి రెండు గదులు చేస్తాయి, కొన్ని మొత్తాన్ని అక్షరాలుగా చదువుతాయి. తేదీలు ఇంకో తలనొప్పి. 05-06 అంటే మనకు జూన్ ఐదు, కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మే ఆరు. వానలకు ముందు, వానల తర్వాత అని తేడా చూపించే ప్రాజెక్టులో మే, జూన్ తారుమారైతే ఇంకేం మిగిలింది? నెలను అక్షరాల్లో రాయి, లేకపోతే సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయి.

ఆ ఐదింట్లో “బీడీఎల్” అని రాసిన గదులుంటే మాత్రం అంత తేలిక కాదు. మీటరు పట్టలేనంత తక్కువ ఉందని దాని అర్థం. చాలామంది అక్కడ సున్నా కొట్టేస్తారు. సున్నా అంటే “కొలిచాను, అసలు లేదు” అని చెప్పినట్టు. నువ్వు చెప్పగలిగింది అది కాదు, “ఇంతకంటే తక్కువే, ఎంతో చెప్పలేను” అని మాత్రమే. పైగా సున్నాకు లాగ్ (లాగరిథం) లేదు, లాగ్ తీసే దగ్గర అది మళ్ళీ మాయమవుతుంది. అందుకని గది ఖాళీగా వదిలెయ్యి. పక్కన ఇంకో కాలమ్ పెట్టి అందులో నీ ఎలక్ట్రోడు పట్టగల కనీస విలువ రాసి, ఆ చుక్కలను లోపల ఖాళీగా ఉన్న గుర్తుతో వేరే చూపించు. బొమ్మ కింద ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. మర్రిగూడ దిక్కు బోర్లలో అటువంటివి ఎక్కువ ఉండవేమో గానీ, ఉంటే దాచకు.

అక్షరాలేమీ లేకపోయినా చుక్కలు తక్కువొస్తే అక్షం చూడు. వై అక్షాన్ని ఎప్పుడో 5 దగ్గర ఆపి ఉంటే 5.6 ఉన్న బోరు గ్రాఫు బయటే ఉండిపోతుంది.

ఇక షీటు ఎట్లా అమర్చుకోవాలంటే, ఒక్కో బోరుకు ఒకే ఒక్క అడ్డువరుస ఉండాలి, ఒక్కో కొలతకు ఒక కాలమ్ ఉండాలి. బోరు గుర్తు, ఊరు, లోతు, వానలకు ముందు మూడు రీడింగులు, వాటి సగటు, వాటి స్టాండర్డ్ డీవియేషన్ (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె), వానల తర్వాత మళ్ళీ అవే. కాల్షియం, బైకార్బొనేట్ కూడా చూసి ఉంటే వాటికీ చెరొక కాలమ్. ఎక్సెల్‌లో మనవాళ్ళు పైన ఒక పట్టిక, కింద ఇంకో పట్టిక, మధ్యలో గదులు కలిపేసి పెద్దక్షరాల్లో “పోస్ట్ మాన్సూన్” అని రాస్తారు. రికార్డులో అతికించడానికి అది బాగుంటుంది, గ్రాఫుకు పనికిరాదు. చివర సగటు అని ఒక వరుస ఉంటే దాన్నీ తీసెయ్యి. లేదంటే లేని 25వ బోరు ఒకటి గ్రాఫులో మొలుస్తుంది. బోరుకు ఒక గుర్తు ఇచ్చి, రైతు పేరు వేరే షీటులో దాచుకో. ఎవరి బోరులో ఎంత విషముందో లైబ్రరీలో పుస్తకం తెరిచిన వాళ్ళందరికీ తెలియాల్సిన పని లేదు. ఆ రైతుకు మాత్రం తప్పకుండా చెప్పాలి.

సైడావిస్‌లో ప్రతి కాలమ్ తలమీద ఎక్స్, వై అని ఉంటుంది చూడు. ఏది అడ్డంగా పోవాలో, ఏది నిలువుగా పోవాలో అక్కడే చెబుతాం. కాలమ్‌ను ఎంచుకుని సెట్ కాలమ్ యాజ్ అనే దాంట్లో మార్చుకోవచ్చు. ఆరిజిన్‌లో కూడా సెట్ యాజ్ అని ఉంటుంది. ఒక వై కాలమ్‌కు తన ఎడమవైపు దగ్గర్లో ఉన్న ఎక్స్ కాలమే జత అవుతుంది. షీటులో రెండు ఎక్స్‌లు పెట్టుకున్నప్పుడు ఇది మరిచిపోతే లోతుకు ఎదురు పడాల్సిన ఫ్లోరైడ్ ఇంకోదానికి ఎదురు పడుతుంది. గ్రాఫు చూడ్డానికి మాత్రం మంచిగానే ఉంటుంది. ఒక్కో ఊరిని ఒక్కో గుర్తుతో చూపాలనుకుంటే ఫ్లోరైడ్‌ను ఊరికొక వై కాలమ్‌గా విడగొట్టు, మిగతా గదులు ఖాళీగా ఉంటే నష్టం లేదు.

సార్టింగ్ దగ్గర జాగ్రత్త. ఈ సాఫ్ట్‌వేర్లలో ఒక్క కాలమ్‌ను సార్ట్ చేసే పద్ధతి వేరే, మొత్తం షీటును సార్ట్ చేసే పద్ధతి వేరే. ఫ్లోరైడ్ కాలమ్ ఒక్కదాన్నే సార్ట్ చేశావంటే ఒక బోరు విలువ ఇంకో బోరు పక్కన చేరి కూర్చుంటుంది. అంతా కలగాపులగం అయిందని చెప్పే ఎర్రగీత ఏదీ రాదు. అందుకే అసలు ఫైలును ముట్టుకోకు, ఒక కాపీ మీద పని చెయ్యి.

ఇప్పుడు సారు కొట్టేసిన గీత దగ్గరికి వద్దాం. ఎర్ర పెన్ను చూసి నువ్వు భయపడ్డావు గానీ ఆయన అడిగింది అసలైన ప్రశ్న. రెండు చుక్కలను గీతతో కలిపితే ఆ రెంటి మధ్య కూడా విలువలు ఉన్నాయని, అవి ఈ దారిలోనే పోతాయని చెప్పినట్టు. నీ అడ్డం అక్షం మీద ఉన్నది బోరు నంబరు. హాజరు పట్టీలో ఏడో నంబరు పిల్లకూ ఎనిమిదో నంబరు పిల్లకూ మధ్య ఏడున్నరో నంబరు పిల్ల ఉంటుందా? నువ్వు నీళ్ళు తెచ్చిన వరుస మారితే గీత ఆకారమే మారిపోతుంది. వరుస మారితే మారిపోయే ఆకారాన్ని పట్టుకుని “ఇక్కడ పెరిగింది, ఇక్కడ తగ్గింది” అని రాస్తే వైవాలో నిలబడదు.

గీత ఎప్పుడు పెట్టొచ్చో మన జిల్లా పేరు మోసిన పద్ధతితోనే చెప్తాను. నల్గొండ టెక్నిక్ చదివే ఉంటావు, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్ళు రూపొందించింది. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డితోపాటు కిందికి దించుతారు. ఒకే బోరు నీళ్ళకు పటిక మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ పోయి, ప్రతిసారీ మిగిలిన ఫ్లోరైడ్ కొలిచావనుకో. అడ్డంగా పటిక మోతాదు, నిలువుగా మిగిలిన ఫ్లోరైడ్. అక్కడ రెండు చుక్కల మధ్య ఉన్న మోతాదు నిజంగా ఉంది, వేసి చూడొచ్చు. ఆ గ్రాఫులో గీతకు పని ఉంది. నీ దాంట్లో లేదు.

మరి 24 బోర్లను ఎట్లా చూపించాలి? నేనైతే షీటు మొత్తాన్ని ఫ్లోరైడ్ ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు సార్ట్ చేసి, ఒక్కో బోరుకు ఒక్కో చుక్క పెడతాను. దాని మీద రెండు అడ్డగీతలు గీస్తాను. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500, 2012లో సవరించింది. దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదం. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5 మిల్లీగ్రాములే. ఇంత పలుచటి నీళ్ళలో పీపీఎం అన్నా లీటరుకు మిల్లీగ్రాము అన్నా లెక్క ఒకటే, కానీ థీసిస్ అంతటా ఒకే మాట వాడు. ఆ అడ్డగీతలకు ప్రత్యేక విద్య ఏమీ అక్కర్లేదు. షీటులో ఒక కొత్త ఎక్స్, వై జత పెట్టి రెండే వరుసలు రాయి: సున్నా దగ్గర 1.5, 25 దగ్గర 1.5. దాన్ని చుక్కల్లేని గీతగా చేర్చు. ఏ సాఫ్ట్‌వేరులోనైనా ఇది నడుస్తుంది. చేత్తో గీసిన గీతలాగా అక్షం మారిస్తే జరిగిపోదు.

ఆ గ్రాఫు చూడగానే ఎన్ని బోర్లు గీత పైన ఉన్నాయో తెలుస్తుంది. కానీ నీ ప్రాజెక్టుకు ప్రాణం అది కాదు. నువ్వు ఒకే బోర్లను రెండుసార్లు కొలిచావు, కష్టపడి ఎండలో ఒకసారి, బురదలో ఒకసారి తిరిగావు. దాన్ని రెండు రంగుల బార్లు పక్కపక్కన పెట్టి 48 బార్ల అడవి చెయ్యకు. వానలకు ముందు విలువను ఎక్స్‌గా, తర్వాత విలువను వైగా పెట్టు. ఒక బోరుకు ఒక్క చుక్క. రెండు అక్షాలకూ ఒకే హద్దులు ఇచ్చి గ్రాఫును చదరంగా ఉంచు. ఇందాక చెప్పినట్టే రెండు వరుసల జత ఒకటి చేసి, సున్నా సున్నా నుంచి మూలకు ఏటవాలు గీత గియ్యి. గీత మీద ఉన్న బోరులో ఏ మార్పూ లేదు. కింద ఉన్నదాంట్లో వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గింది, పైన ఉన్నదాంట్లో పెరిగింది. వాననీరు ఇంకి పలుచనవుతుందని మనం అనుకుంటాం, కానీ ప్రతి బోరూ ఆ మాట వినాలని రూలేమీ లేదు. గీతకు పైన నాలుగు చుక్కలు కనిపించాయనుకో, అవి ఏ ఊరివి, ఎంత లోతువి అని వెతకడం మొదలుపెడతావు. నీ చర్చ అధ్యాయం అక్కడే పుడుతుంది.

కాల్షియం కొలిచి ఉంటే ఇంకొక్క గ్రాఫు గియ్యి: ఎక్స్ మీద కాల్షియం, వై మీద ఫ్లోరైడ్. మన దిక్కు నేల గ్రానైటు, నీస్ రాళ్ళది. ఆ రాళ్ళలోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్ళలో చాలా కొద్దిగానే కరుగుతుంది. అందుకని కాల్షియం దండిగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి నిలవడం కష్టం. కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. నీ చుక్కలు ఈ మాటను సమర్థిస్తే బాగుంటుంది, సమర్థించకపోయినా రాయదగ్గదే. అయితే చెదిరిన చుక్కల మధ్యనుంచి బలవంతంగా సరళరేఖ లాగి ఆర్ స్క్వేర్ (గీత చుక్కలకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె) రాయకు. అడిగింది గణిస్తుంది సాఫ్ట్‌వేరు, అర్థముందా లేదా అని ఆలోచించదు.

ఎడమవైపు ఒక అక్షం, కుడివైపు ఇంకో అక్షం పెట్టి ఫ్లోరైడ్, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు) రెండూ ఒకే బొమ్మలో ఇరికించే గ్రాఫులు థీసిస్‌లలో కొల్లలుగా ఉంటాయి. అక్షాల హద్దులు కొంచెం జరిపితే ఏ రెండు విషయాలైనా కలిసి నడుస్తున్నట్టు చూపించొచ్చు. నాకు అవి నచ్చవు. త్రీడీ బార్ల గురించి అసలు అడగనే అడగొద్దు.

కాలిబ్రేషన్ వంకర మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిగతా గ్రాఫులన్నీ దానిమీద నిలబడ్డాయి. ఎలక్ట్రోడు ఇచ్చే మిల్లీవోల్టులు ఫ్లోరైడ్‌తో నేరుగా మారవు, ఫ్లోరైడ్ లాగ్‌తో మారతాయి. నెర్న్‌స్ట్ సమీకరణం గుర్తు తెచ్చుకో: 25 డిగ్రీల దగ్గర గాఢత పదింతలు పెరిగితే పొటెన్షియల్ సుమారు 59.2 మిల్లీవోల్టులు పడిపోతుంది. కాబట్టి ఎక్స్ మీద నేరుగా గాఢత వేస్తే వంకర రాక తప్పదు. నీ ఎలక్ట్రోడు మంచిగా పనిచేస్తోందనడానికి అది గుర్తు. షీటులో ఇంకో కాలమ్ చేర్చి గాఢత లాగ్ తీసి, దాన్ని ఎక్స్‌గా పెట్టు, గీత వంకర లేకుండా వస్తుంది.

లాగ్ దగ్గర ఒక గుంట ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో లాగ్ అంటే పది ఆధారంగా, కొన్నింటిలో సహజ లాగరిథం. నీ దాంట్లో ఏదో తెలుసుకోవాలంటే ఒక గదిలో 10కి లాగ్ అడుగు. 1 వస్తే పది ఆధారం, 2.303 వస్తే సహజం. తెలియకుండా సహజ లాగ్ వాడావంటే వాలు 59 బదులు సుమారు 25.7 వస్తుంది, ఎలక్ట్రోడు పాడైందని అనవసరంగా పరేషాన్ అవుతావు.

కాలమ్ మార్చకుండా ఎక్స్ అక్షాన్ని లాగ్ స్కేలుకు మార్చినా చుక్కలు ఒకే సరళరేఖలో కనిపిస్తాయి. కానీ ఫిట్ (చుక్కలకు సరిపోయే గీత వెయ్యమనడం) కొడితే సాఫ్ట్‌వేరు షీటులోని మామూలు గాఢతలకే సరళరేఖ వేసి, దాన్ని లాగ్ అక్షం మీద వంచి చూపిస్తుంది. ఆరిజిన్‌లో అపారెంట్ ఫిట్ అని పెట్టుకుంటే అక్షాన్ని బట్టి ఫిట్ చేస్తుంది. నువ్వు లాగ్ కాలమ్‌తోనే చెయ్యి, గజిబిజి ఉండదు.

వాలు ఎంత వచ్చిందో చూడు. మే నెలలో నల్గొండలో ఏసీ లేని ల్యాబు 35 డిగ్రీలుంటే ఆ వేడికి లెక్క ప్రకారమే 61 దాకా రావాలి, తప్పేం కాదు. 50 దగ్గర ఆగితే మాత్రం స్టాండర్డ్ ద్రావణాలనో ఎలక్ట్రోడునో అనుమానించు. స్టాండర్డ్ ద్రావణాలకూ నమూనాలకూ టైసాబ్ బఫర్ (పీహెచ్‌ను, అయానిక్ బలాన్ని అన్నింటిలో ఒకే తీరుగా ఉంచే ద్రావణం) ఒకే నిష్పత్తిలో కలిపావా అన్నదీ ఒకసారి చూసుకో. వానల ముందు చేసిన కాలిబ్రేషన్‌ను వానల తర్వాతి నమూనాలకు వాడకూడదు, ఏ రోజు కొలతకు ఆ రోజు గీతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. నీ 24 బోర్ల విలువలు ఎట్లా వచ్చాయి? మీటరే పీపీఎంలో చూపించి ఉంటే దాని లోపల లాగ్ లెక్క ఉంటుంది, బాధ లేదు. అట్లా కాక మిల్లీవోల్టులు రాసుకుని, ఆ వంకర గ్రాఫు మీద స్కేలు పెట్టి సరళరేఖ గీసి చదివావంటే విలువలన్నీ మళ్ళీ తీయాలి. తేడా చిన్నది కాదు. ఉదాహరణకు 1 పీపీఎం దగ్గర 100 మిల్లీవోల్టులు, 10 పీపీఎం దగ్గర 40.8 వచ్చాయనుకుందాం. నీ నమూనా సరిగ్గా మధ్యన 70.4 ఇచ్చింది. స్కేలు పెట్టి చదివితే 5.5 పీపీఎం అంటావు. లాగ్ ప్రకారం అది 3.2 మాత్రమే. కాబట్టి ఫిట్ ఇచ్చిన సమీకరణాన్నే షీటులో ఒక కాలమ్‌గా రాసి విలువలు గణించుకో. నమూనా మిల్లీవోల్టుల్లోంచి అంతరఖండం తీసి వాలుతో భాగించు, వచ్చినదాన్ని పదికి ఘాతంగా వెయ్యి. వాలు రుణసంఖ్య అని మరవకు. నీ అతిపెద్ద స్టాండర్డ్ 2 పీపీఎం అయి, ఏదో బోరు 6 చూపిస్తే ఆ ఆరును నమ్మొద్దు. నమూనాను పలుచన చేసి మళ్ళీ కొలువు, లేదా 10 పీపీఎం స్టాండర్డ్ ఒకటి చేర్చు. మన దిక్కు 2 దాటడం వింత కాదు కాబట్టి ఇది నీకు ఎదురయ్యే మాటే.

ఎర్రర్ బార్లు తేలికే. మూడు రీడింగుల సగటు ఒక కాలమ్, స్టాండర్డ్ డీవియేషన్ దాని పక్క కాలమ్. ఆరిజిన్‌లో ఆ రెండోదాన్ని వై ఎర్రర్‌గా సెట్ చేసి, రెండూ కలిపి ఎంచుకుని స్కాటర్ గీస్తే బార్లు వాటంతటవే వస్తాయి. సైడావిస్‌లో గ్రాఫు గీశాక యాడ్ ఎర్రర్ బార్స్‌కు పోయి, ఉన్న కాలమ్ వాడమని చెప్పి నీ కాలమ్ చూపించు. అక్కడే శాతం అని, డేటా స్టాండర్డ్ డీవియేషన్ అని వేరే దారులు కూడా ఉంటాయి. రెండోది నొక్కావంటే 24 బోర్ల మొత్తం చెదురును లెక్కగట్టి ప్రతి చుక్కకూ అదే పొడవు బారు తగిలిస్తుంది. ఎక్సెల్‌లోనూ ఇదే జరుగుతుంది, అక్కడ కస్టమ్ ఎంచుకోవాలి. బార్లన్నీ ఒకే పొడవు వచ్చాయంటే నువ్వు తప్పు దారి నొక్కినట్టే.

బారు దేనిదో బొమ్మ కింద రాయి: స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా, ఎన్ని రీడింగులు. ఇంకో సంగతి, వైవాలో కచ్చితంగా అడుగుతారు. నువ్వు ఒకే సీసాను మూడుసార్లు కొలిచావు. కాబట్టి ఆ బారు చెప్పేది మీటరు తనతో తాను ఎంత ఒప్పుకుంటోందో మాత్రమే. ఆ బోరు నీళ్ళు రోజురోజుకూ ఎంత మారతాయో అది చెప్పదు. దానికి వేర్వేరు రోజుల్లో తెచ్చిన సీసాలు కావాలి. బార్లు చుక్క గుర్తులో మునిగిపోయి కనిపించకపోతే ఆ మాటా రాసెయ్యి, పెద్దవి చేసి చూపించే తిప్పలు పడకు.

వారమే ఉంది కదా, కాబట్టి కాలిబ్రేషన్‌తో మొదలుపెట్టు. అది మారితే మిగతా అంకెలన్నీ మారతాయి. అది అయ్యాక లాగ్ గ్రాఫు, ఏటవాలు గీత గ్రాఫు రెండే ప్రింటు తీసుకుని సారు దగ్గరికి పో. “మీరు గీత ఏందని అడిగారు కదా సార్, తీసేసి ఇట్లా పెట్టాను, సరేనా?” అను. ఏం చెయ్యాలో తెలియదని వట్టి చేతులతో నిలబడ్డ పిల్లకంటే, గీసిన గ్రాఫు ముందు పెట్టి అడిగే పిల్లకు జవాబు చెప్పడం ఏ గైడుకైనా తేలిక.

బొమ్మను థీసిస్‌లో పెట్టేటప్పుడు స్క్రీన్‌షాట్ వద్దు. సాఫ్ట్‌వేరులోని ఎక్స్‌పోర్ట్ నుంచి పి.ఎన్.జి.గా 600 డి.పి.ఐ.లో తియ్యి. ముందే గ్రాఫు వెడల్పును పేజీలో ఉండబోయే వెడల్పుకు సరిచేసుకో. వర్డ్‌లోకి పోయాక మూల పట్టి లాగితే అక్షరాలు చీమల్లా అయిపోతాయి. రంగుల మీద ఆధారపడకు, క్లాక్‌టవర్ దగ్గర జిరాక్స్‌లో నలుపు తెలుపు కాపీ తీస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగు అవుతాయి. వానలకు ముందు నిండు గుండ్రం, తర్వాత నిండు త్రికోణం పెట్టుకుంటే ఎన్ని జిరాక్సులు తీసినా తేడా తెలుస్తుంది. బైండింగుకు ఇచ్చే ముందు గ్రాఫులున్న పేజీ ఒక్కటి నలుపు తెలుపులో తీయించి, చేయి చాపినంత దూరంలో పట్టుకుని అక్షాల మీది అంకెలు చదవగలుగుతున్నావా చూసుకో.